రక్షణకు బాప్తిస్మము ఆవశ్యకమా?

గుంటూరు ప్రాంతపు లూథరన్ కుటుంబమునందు జన్మించి, నెలల శిశువుగా నుండగనే శిరస్సున నీరు పోయబడి బాప్తిస్మము పొందిన కన్యకు ఒంగోలు ప్రాంతపు బాప్టిస్టు కుటుంబముతో సంబంధము కుదిరి, తక్కిన మాటలన్నియు ముగిసి ప్రధానమునకు దినము నిశ్చయింపవలసిన వేళ, వరుని పక్షమువారు “అమ్మాయి నీళ్లలో మునిగి బాప్తిస్మం తీసుకుందాండీ?” యని యడుగుటయు, కన్య తల్లి మొగము చిన్నబుచ్చుకొని ప్రక్కనున్న పాస్టరుగారి వంక తిరిగి “అయితే ఇంతవరకు మా పిల్లకు రక్షణ లేదంటారా, అయ్యగారూ?” యని ప్రశ్నించుటయు మన తెలుగునాట అరుదైన సంగతి కాదు. ఆ తల్లి యడిగిన ప్రశ్న చిన్నది కాదు. దాని వెనుక పదునెనిమిది శతాబ్దములకు మించిన వాదోపవాదములు, సభల తీర్మానములు, బహిష్కారములు, కొన్ని మరణదండనలు సైతము కలవు.

బాప్తిస్మము ప్రభువు నియమించినదని క్రైస్తవులలో నించుమించుగ నందరు నంగీకరింతురు. క్వేకరులు, 1883 మొదలుకొని సాల్వేషన్ ఆర్మీవారు వంటి కొందరు మాత్రమే బాహ్యసంస్కారమును విడిచి అంతరంగమందలి ఆత్మకార్యమే చాలునని యెంచిరి. కావున వివాదము బాప్తిస్మమును ఆచరింపవలెనా, మానవలెనా యనుదానిని గూర్చినది కాదు. ఆచరింపకయే మరణించిన విశ్వాసి గతి యేమి, ఆచరించు శక్తి లేని శిశువు గతి యేమి యనుదానిని గూర్చినది.

మొదట వేదవాక్యములను చూతము. మార్కు సువార్త కడపటి అధ్యాయమున విశ్వాసమును బాప్తిస్మమును జతగూర్చి రక్షణ వాగ్దానము చేయబడినది. నీకొదేముతో జరిగిన రాత్రి సంభాషణమునందు ప్రభువు దైవరాజ్య ప్రవేశమునకు నీటిని ఆత్మను ఒక్క ఊపిరిలో పేర్కొనెను. పెంతెకొస్తు దినమున పేతురు తన శ్రోతలను మారుమనస్సు పొంది పాపక్షమాపణకై బాప్తిస్మము పొందుడని పిలిచెను. ఆయన పేర వెలసిన మొదటి పత్రికయందు నోవహు నాటి జలప్రళయమును ఉపమానముగ గైకొని బాప్తిస్మము మనలను రక్షించుచున్నదను భావము స్పష్టముగ చెప్పబడినది. ఆవశ్యకమను పక్షమువారికి ఇవి కోటగోడలు. అనావశ్యకమను పక్షమువారు సిలువపై పశ్చాత్తాపపడిన దొంగను ముందు నిలిపెదరు. నీటిచుక్కయైన తాకని వానికి ఆ దినముననే పరదైసు లభించెను గదా యందురు. కైసరయలో కొర్నేలీయు అతని యింటివారును నీటికి ముందే పరిశుద్ధాత్మను పొందిరనియు, కొరింథులో తాను క్రిస్పును, గాయిని, స్తెఫను ఇంటివారిని తప్ప మరెవరికి బాప్తిస్మమిచ్చితినో జ్ఞాపకము లేదని పౌలు వ్రాసెననియు, రక్షణకే అది ద్వారమైనచో అపొస్తలుడట్లు వ్రాయునా యనియు వారి వాదము. మార్కు వాక్యముయొక్క ద్వితీయార్ధమున శిక్షకు అవిశ్వాసమొక్కటియే కారణముగ చెప్పబడినదనియు, ఆ కడపటి పండ్రెండు వచనములు నాలుగవ శతాబ్దపు రెండు ప్రసిద్ధ ప్రతులైన సినాయి, వాటికను ప్రతులలో లేవనియు వీరు చూపుదురు. దొంగ దృష్టాంతమునకు ప్రతిపక్షులు, అతడు మరణించునాటికి ఆ యాజ్ఞయే పుట్టలేదని ప్రత్యుత్తరమిత్తురు.

ఇట్లు వచనమునకు వచనము ఎదురు నిలిపి త్రాసున తూచుట మన సభలలో నేటికిని జరుగుచున్నది. నాకు తోచునదేమన, ఈ వచనములను వ్రాసిన వారి యెదుట మన ప్రశ్నయే లేదు. ఐతియోపీయుడైన రాజోద్యోగి ఎడారి మార్గమున రథమునందు యెషయా గ్రంథము చదువుచుండ ఫిలిప్పు బోధించెను. నీరు కనబడినంతనే రథమును నిలిపి దిగిరి. ఫిలిప్పీ చెరసాల నాయకుడు అర్ధరాత్రి నమ్మి, తెల్లవారకమునుపే ఖైదీల గాయములు కడిగి, తానును తన వారందరును బాప్తిస్మము పొందిరి. విశ్వాసమునకు నీటికి నడుమ అచ్చట నున్న యెడము గడియలే గాని దినములు గావు. ఆ యెడము పెరిగిన పిమ్మటనే, దానియందు మనుష్యులు మరణింప నారంభించిన పిమ్మటనే, ఈ ప్రశ్న పుట్టినది.

మూడవ శతాబ్దమునాటికి ఆ యెడము మూడు సంవత్సరములకు ఎదిగెను. హిప్పొలితునకు ఆరోపింపబడు అపొస్తలిక సంప్రదాయమను గ్రంథము నూతన విశ్వాసులు మూడేండ్లు శిక్షణము పొందవలెనని విధించుచున్నది. శిక్షణమందున్నవాడు హింసాకాలమున పట్టుబడి బాప్తిస్మము లేకయే చంపబడినచో? ఈ దారుణమైన ప్రశ్నకు కార్తేజు నగరమందలి తెర్తుల్లియను సుమారు 200 ప్రాంతమున, బాప్తిస్మమును గూర్చి మనకు దక్కిన మొదటి ప్రత్యేక గ్రంథమునందు, రక్తబాప్తిస్మమను సమాధానము చెప్పెను. నీటి ఆవశ్యకతను నిరాకరించిన యొక బోధకురాలిని ఖండించుటకే ఆ గ్రంథము పుట్టినది; అయినను అదే గ్రంథమున చిన్నపిల్లల బాప్తిస్మమును ఆలస్యము చేయుట మేలని ఆయన సలహా యిచ్చెను. నీరు లేనిదే రక్షణ లేదని గట్టిగా పలికినవాడే పసివారి విషయమున తొందర వలదనుట చూడగా, ఆదినుండియు ఈ సిద్ధాంతము తన మినహాయింపులను వెంటబెట్టుకొనియే నడచినదని తెలియుచున్నది.

నాలుగవ శతాబ్దమున ఆలస్యము సర్వసాధారణమయ్యెను. బాప్తిస్మానంతర పాపమునకు భయపడి అనేకులు దానిని మరణశయ్యవరకు వాయిదా వేసిరి. కాన్‌స్టంటైను చక్రవర్తి 337లో అవసానకాలముననే దానిని పొందెను. వాయిదా వేసినవారిలో సమయము దక్కనివారును కలరు. 392లో వాలెంటినియను రెండవవాడు, ఇరువదియొక్క యేండ్ల చక్రవర్తి, తనకు బాప్తిస్మమిచ్చుటకు రమ్మని మిలాను బిషప్పైన ఆంబ్రోజునకు కబురంపి, ఆయన వచ్చులోపల గాలు దేశమందలి వియెన్నులో మృతుడై కనబడెను. శవమునకెదుట దుఃఖించుచున్న అతని సోదరీమణుల నుద్దేశించి ఆంబ్రోజు చేసిన ప్రసంగము ఈ చరిత్రయందు మూలస్తంభము వంటిది. అతడు కోరెను, కావున పొందెను. హతసాక్షులను వారి రక్తము కడిగినచో ఇతనిని ఇతని కోరికయే కడిగినదని ఆయన యోదార్చెను. రోమను సంఘము తరువాత ఇచ్ఛాబాప్తిస్మమని పేరిడిన భావమునకు బీజమిదియే. అయితే దానికి పదియేండ్ల ముందే, కాన్‌స్టాంటినోపులులో నజియన్జు గ్రెగరీ దీనికి విరుద్ధముగ వాదించియుండెను: కోరికయే బాప్తిస్మముతో సమానమైనచో, మహిమను కోరుటయే మహిమను పొందుటతో సమానము కావలెను గదా యని. తర్కము గ్రెగరీ పక్షమున నున్నదేమో గాని, శవపేటిక ప్రక్కన నిలిచి మాటలాడినవాడు ఆంబ్రోజు. సంఘము చివరకు ఆతని వెంటనే నడచినది.

ఆ ఆంబ్రోజు చేతనే 387 ఈస్టరునాడు బాప్తిస్మము పొందిన ఆగస్తీను పెద్దల విషయమున ఉదారుడు. సిలువపై దొంగకు సమయాభావమువలన విశ్వాసమే నీటికి బదులైనదని ఆయన వ్రాసెను. శిశువుల విషయమున మాత్రమాయన హృదయము మెత్తబడలేదు. జన్మపాపము లేదన్న పెలాగియనులతో పోరాడుచు, శిశువులకు బాప్తిస్మమిచ్చుటయే వారికి జన్మపాపమున్నదనుటకు నిదర్శనమని చూపి, అది లేక మరణించిన పసివారు మిక్కిలి స్వల్పమైనదే యైనను శిక్షకే పాత్రులగుదురని తేల్చెను. పెద్దవానికి కోరిక యక్కరకు వచ్చినది. కోరిక యనునదే యెరుగని పసికందునకు ఆ మార్గమును లేకపోయెను. ఈ సిద్ధాంతపు కాఠిన్యమును భరింపజాలక మధ్యయుగపు పండితులు లింబో యను నొక స్థలమును కల్పించిరి; అందు వేదన లేదు, దైవదర్శనమును లేదు. తోమా అక్వీనాసు మొదలగువారు అచ్చటి శిశువులు సహజానందముతో నుందురని చెప్పిరి.

పండితుల యోదార్పు తల్లులకు చాలలేదు. దానికి సాక్ష్యము స్విట్జర్లండునందు బెర్ను ప్రాంతపు ఓబర్‌బ్యూరెనను గ్రామమున భూమిలో దొరికినది. పదునైదవ శతాబ్దమున అచ్చటి మరియమాత క్షేత్రమునకు దూరదేశములనుండి మృతశిశువులను మోసికొని వచ్చెడివారు. 1486లో కాన్‌స్టాన్సు బిషప్పు రోమునకు ఫిర్యాదు చేయుచు వర్ణించిన విధమిది: శిశుకళేబరమును నిప్పుల సెగకును వెలుగుచున్న దీపములకును నడుమ వెచ్చబరచి, పెదవులపై సన్నని యీక నొకదాని నుంచెదరు, వేడిమికో గాలికో ఆ యీక కదలినంతనే ఊపిరి వచ్చినదని చాటి, తత్‌క్షణము బాప్తిస్మమిచ్చి, వెంటనే పాతిపెట్టెదరు. ఇట్టి శిశువులు రెండువేలకు మించిరని ఆయన వ్రాసెను. మతసంస్కరణ కాలమున ఆ క్షేత్రము నేలమట్టము చేయబడినది. ఇరువదవ శతాబ్దపు చివరి దశకమున పురావస్తు శాఖవారు త్రవ్వగా సుమారు 250 మంది శిశువుల అస్థికలు, కొన్ని నెలలు నిండని పిండములవియు, వరుసలుగ బయల్పడెను. దీనిని మూఢవిశ్వాసమని త్రోసిపుచ్చుట తేలిక. కాని ఆ తల్లిదండ్రులు తమకు బోధింపబడిన దానినే నమ్మిరి. నీరు లేనిదే పరలోకము లేదని చెప్పినవారు పండితులు, ఆ మాటను చేతులలో మోసికొని కొండదారులు నడచినవారు వీరు. ఒక సిద్ధాంతమును పరీక్షింపదలచినవారు దాని ప్రమాణ వచనములను మాత్రమే గాక, అది పామరుని యింట నేమి చేయించినదో గూడ చూడవలెనని నా నమ్మకము.

రోమను సంఘము తన మాటను వెనుకకు తీసికొనలేదు గాని, క్రమక్రమముగ దానికి వెడల్పు కల్పించినది. 1547లో ట్రెంటు సభ బాప్తిస్మము ఐచ్ఛికమన్నవారిని శపించుచునే, నీతిమంతత్వమునకు అదియైనను దానిని గూర్చిన కోరికయైనను కావలెనని చెప్పి, ఆంబ్రోజు తెరచిన తలుపును మూయక విడిచెను. నాలుగు వందల యేండ్ల పిమ్మట బోస్టను నగరమున లెనార్డు ఫీనీ యను గురువు సంఘమునకు వెలుపల ఎవ్వరికిని రక్షణ లేదని అక్షరార్థముగ బోధింపగా, 1949లో రోము ఆ బోధను ఖండించెను. 1953లో అతడు బహిష్కృతుడయ్యెను. 1992 నాటి సత్యోపదేశము దేవుడు రక్షణను ఈ సంస్కారముతో ముడిపెట్టెనే గాని తాను దానికి బద్ధుడు కాడని వివరించినది. 2007లో అంతర్జాతీయ వేదాంత సంఘము జ్ఞానస్నానము లేక మరణించిన శిశువులు రక్షింపబడుదురని ఆశించుటకు గంభీరమైన ఆధారములు కలవని ప్రకటించెను. ఓబర్‌బ్యూరెను తల్లులకు ఈ మాట అయిదు శతాబ్దములు ఆలస్యముగ వచ్చినది.

సంస్కర్తలలో లూథరు, విశ్వాసముచేతనే నీతిమంతత్వమని లోకమును కదల్చినవాడయ్యు, బాప్తిస్మమును తేలికపరచలేదు. 1530 నాటి ఆగ్స్‌బర్గు ఒప్పుకోలు తొమ్మిదవ అంశము అది రక్షణకు ఆవశ్యకమనియే చెప్పుచున్నది. అయినను 1542లో గర్భస్రావమైన స్త్రీల యోదార్పునకై ఆయన చిన్న పుస్తకమొకటి వ్రాసి, తల్లి హృదయమందలి మూగ ప్రార్థనయే ఆ శిశువుపక్షమున దేవుని చేరునని ధైర్యము చెప్పెను. జ్యూరికులో జ్వింగ్లి నీటిని చిహ్నమాత్రముగ నెంచెను. చిహ్నమే యైనను దాని కాలమును మార్చుట ఆ నగరపు పాలకులు సహింపలేదు. పెద్దలైన పిమ్మట తిరిగి బాప్తిస్మము పొందిన ఫెలిక్సు మాంజును 1527 జనవరి 5వ తేదీన చేతులు మోకాళ్లకు బంధించి లిమ్మట్ నదిలో ముంచి చంపిరి. కాల్విను, నిబంధన సంతానము జన్మచేతనే దేవునివారని చెప్పి, మంత్రసానులు చేయు అత్యవసర బాప్తిస్మమును నిరసించెను. అమెరికాలో పాపక్షమాపణకు జలనిమజ్జనము కావలెనని అందరికంటె గట్టిగా బోధించిన అలెగ్జాండరు క్యాంబెలునకు 1837లో వర్జీనియాలోని లూనెన్‌బర్గునుండి ఒక స్త్రీ లేఖ వ్రాసి, ఇతర సంఘములలో క్రైస్తవులు కలరా యని ప్రశ్నించెను. ఆయన కలరనియే ఉత్తరమిచ్చి, నిమజ్జనము సహా ఏ యొక్క విధినైనను క్రైస్తవత్వమునకు కొలబద్దగ పెట్టజాలనని వ్రాయుటతో స్వపక్షమువారి ఆగ్రహమునకు గురియయ్యెను. నేటికిని ఆయన అనుచరుల వంశమున ఈ లేఖను గూర్చి ఏకాభిప్రాయము లేదు.

ఇంతవరకు చెప్పినదంతయు పరదేశపు చరిత్ర. ఈ ప్రశ్నకు ఆచరణయందు దొరికిన సమాధానములలో మిక్కిలి విలువైనది, మన పండితులు తగినంత గమనింపనిది, ఒంగోలునందు కలదు. 1876 మొదలు 1878 వరకు దక్షిణభారతమును క్షామము పీడించినపుడు అచ్చటి అమెరికను బాప్టిస్టు మిషనరీ జాన్ ఇ. క్లౌ బకింగ్‌హాము కాలువలో మూడున్నర మైళ్ల పనిని గుత్తకు తీసికొని వేలాదిమందికి కూలి దొరకునట్లు చేసెను. కాలువ గట్టున పగలంతయు మన్ను మోసిన మాదిగ కుటుంబములు సాయంకాలము బోధ వినిరి. అనేకులు నమ్మితిమని చెప్పి బాప్తిస్మమడిగిరి. క్లౌ నిరాకరించెను. కూటికై మతములో చేరిరన్న మాట రాకూడదనియు, ఆకలి తీరిన పిమ్మటను వారి మనస్సు నిలుచునేమో చూడవలెననియు ఆయన యెంచి, క్షామము తీరువరకు ఒక్కరికైన బాప్తిస్మమియ్యలేదు. తుదకు 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ నదీతీరమున వెల్లంపల్లి యొద్ద ఒక్కదినమునందే 2222 మందికి బాప్తిస్మము జరిగెను. ఆరుగురు బోధకులు ఇద్దరేసి చొప్పున వంతులువారీగ నీటిలో నిలిచి, గట్టుమీద పేరు చదువబడినవారిని ఒక్కొక్కరినే ముంచి లేపుచు, మధ్యాహ్నపు విరామము తప్ప ఉదయమునుండి సాయంకాలమువరకు ఆ కార్యమును నెరవేర్చిరి.

ఆ 2222 అను సంఖ్యను మనవారు పలుమార్లు స్మరింతురు. నేను ఆలోచింపుడని వేడుకొనునది ఆ సంఖ్యకు ముందున్న నెలలను గూర్చి. అవి ఆకలితోను కలరాతోను జనులు రాలిపోయిన నెలలు. విశ్వసించి, నీటినడిగి, అది దొరకకమునుపే కాలువ గట్టున కన్నుమూసినవారు ఆ జనసమూహమున లేకుండుట యసంభవము. నీరు లేనిదే రక్షణ లేదని క్లౌ నిజముగ నమ్మియుండినచో అంతకాలము ఆపుట క్షమింపరాని క్రౌర్యమగును. అట్టి సమయమున కతోలిక గురువైనచో ఆసన్నమరణులను వెదకివెదకి జ్ఞానస్నానమిచ్చియుండును, అది యాతని సిద్ధాంతమునకు తగిన కరుణయగును. క్లౌ ఆపగలుగుటకు కారణము, వారు నమ్మిననాడే దేవుని చేతులలో పడిరని ఆయన నిశ్చయముగ నెరుగుటయే. కావున ఆయన వారసులమని చెప్పుకొను సంఘములలో నేడు కొందరు, నిమజ్జనము కాని లూథరన్ పిల్లకు రక్షణ లేదని పలుకుట, తమ ఒంగోలు చరిత్రనే తాము మరచుట.

తెలుగునాట అన్ని సంప్రదాయములును ఇరుగుపొరుగుగ వసించుచున్నవి. 1842లో మిషనరీ హయ్యరు గుంటూరునకు తెచ్చిన లూథరను పద్ధతి శిశువులకు నీరు పోయును. 1947లో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘము శిశుబాప్తిస్మమును విశ్వాసుల బాప్తిస్మమును రెంటిని ఆమోదించును. హైదరాబాదు హెబ్రోను సంఘము మొదలుకొని సువార్తికుడు భక్తసింగు అనుచరుల సహవాసములు నిమజ్జనమునే గైకొనును. వీరి భేదములకంటె తీవ్రమైన ప్రశ్న వీరందరికి వెలుపలనుండి వచ్చినది. 1942లో క్రీస్తు దర్శనము పొందితినని చెప్పిన కలగర సుబ్బారావు, మునిపల్లెయందు హిందువులు పెక్కుమందిని క్రీస్తు భక్తులుగ చేర్చుకొనుచు, బాప్తిస్మము ఒక సమాజమునుండి మరియొక సమాజమునకు దాటించు ముద్రగ మారినదని పాదరుల నెదిరించి వ్రాసెను. ఆయన మాటలలో పరుషత్వమున్నది. ప్రభువాజ్ఞకు ఆయన యొసగిన సమాధానము నాకు తృప్తికరము కాదు. కాని ఆయన ఎత్తిచూపిన స్థితి సత్యము. 1950 నాటి రాష్ట్రపతి యుత్తరువు ప్రకారము క్రైస్తవుడైన దళితునకు షెడ్యూల్డు కులపు హోదా లేదు. ఆంధ్ర తెలంగాణములలో అతడు వెనుకబడిన తరగతుల ‘సి’ వర్గమున లెక్కింపబడును. సంఘపు రిజిస్టరులో పేరెక్కుట విశ్వాసపు ఒప్పుకోలుగా మాత్రమే గాక, ఉద్యోగమును, విద్యార్థి వేతనమును, పంచాయతీ స్థానమును స్పృశించు లౌకిక కార్యముగా నైనది. అపొస్తలుల కాలమున గడియలుగ నున్న యెడము ఇచ్చట జీవితకాలముగ సాగుటకు ఇదియొక కారణము.

మరియొక కారణము గృహములయందున్నది. భర్తకును అత్తమామలకును ఎదురుచెప్పజాలక, ఇరువది ముప్పది యేండ్లు ఆదివారము తప్పక ఆరాధనకు వచ్చి, వెనుక చాపమీద కూర్చుండి, ప్రభురాత్రి భోజనపు పళ్లెము తమవరకు వచ్చినపుడు తలవంచుకొని ప్రక్కవారికి అందించు స్త్రీలు మన పల్లెలలో ప్రతి సంఘమునను కనబడుదురు. వారు నిరాకరించినవారు కారు, కోరి పొందలేకపోయినవారు. ఆంబ్రోజు వాలెంటినియనుని గూర్చి చెప్పిన మాటకు వీరికంటె తగినవారెవరు? బాప్తిస్మము విశ్వాసి చెల్లింపవలసిన విధేయత యని, శక్తి యుండి దానిని తిరస్కరించుట ప్రభువునే తిరస్కరించుటకు దారితీయునని, నేను నిస్సందేహముగ నమ్ముదును. ఆ విధి మనలను బంధించునే గాని దేవుని బంధింపదని ట్రెంటు మొదలు లూనెన్‌బర్గు వరకు, కాలువ గట్టువరకు, కఠినపక్షములన్నియు ఏదో యొక గడియయందు ఒప్పుకొన్నవి. అట్లయ్యును, ఈ స్త్రీలలో నొకతె మరణించి, కుటుంబము సమ్మతించి శవమును సంఘపు శ్మశానమునకు తెచ్చినపుడు, బాప్తిస్మపు రిజిస్టరులో పేరు లేదని స్థలమును నిరాకరించు సంఘములు నేటికిని కలవు. సంఘపెద్దలు ముందుగ తీర్మానింపవలసినది ఇదియే: ఏండ్ల తరబడి తమతో ప్రార్థించినదని సాక్ష్యమున్నచో ఆమెకు సమాధిస్థలమును, తక్కిన విశ్వాసులకు చేయు అంత్యక్రియలనే యథావిధిగ, ఇయ్యవలెనని సంఘపు నిబంధనలయందు వ్రాసికొనుట.